దూరస్థ డైరెక్టరీ సర్వర్ల ఏకకేంద్ర నిర్వహణ: కొడకండ్ల మండల నమోదులు నమూనాగా ఒక వివరణ

వ్యాససంగ్రహం:

విశ్వవిద్యాలయాలలోను, కళాశాలలలోను వ్యక్తుల గుర్తింపును నిర్ధారించే పని నేడు డైరెక్టరీ సర్వర్లు చేస్తున్నాయి. ఇవి వేర్వేరు ఊళ్లలో ఉన్నప్పుడు వాటన్నిటినీ ఒకే నిర్వహణ కన్సోల్ నుండి నడపవలసి వస్తుంది. ఈ పనిలోని సాంకేతిక సూత్రాలను, అందులో ఎదురయ్యే చిక్కులను తెలుగు పాఠకులకు పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో వరంగల్ జిల్లా నుండి జనగామ జిల్లాకు మారిన కొడకండ్ల మండలాన్ని ఉదాహరణగా తీసుకొని, చిరునామా మారినా గుర్తింపు చెదరకుండా ఉండాలంటే నిర్వాహకులు పాటించవలసిన పద్ధతులను, తెలుగు లిపిలోని పేర్ల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: డైరెక్టరీ సర్వర్, ఎల్‌డీఏపీ, నిర్వహణ కన్సోల్, రెప్లికేషన్, విశిష్టనామం, యూనికోడ్, కొడకండ్ల, జనగామ.

1. ఉపోద్ఘాతం

నిఘంటువును చదివేవారికంటే వెతికేవారే ఎక్కువ. అందుకే నిఘంటుకర్త ఆరోపాలను ఒక క్రమంలో పెట్టి, ఒక్కొక్క ఆరోపం కింద వ్యాకరణ విశేషాన్ని, అర్థాన్ని, ప్రయోగాన్ని నిర్ణీతమైన పద్ధతిలో ఇస్తాడు. కంప్యూటర్ పరిభాషలో డైరెక్టరీ అన్నది కూడా ఇటువంటి నిర్మాణమే. అందులో ఆరోపానికి బదులు ‘నమోదు’, వివరణకు బదులు ‘లక్షణాలు’ ఉంటాయి. ఒక వ్యక్తి పేరు, ఆయన పనిచేసే శాఖ, ఈమెయిలు చిరునామా, సంకేతపదానికి సంబంధించిన రహస్యరూపం ఆ నమోదులోని లక్షణాలు. రాయడం తక్కువ, వెతకడం ఎక్కువ అన్న అంచనాపైనే ఈ సర్వర్లను రూపొందించారు.

ఈ విషయం సాహిత్య పరిశోధకులకు దూరమైనదిగా కనిపించవచ్చు. కాని 2025 జనవరి 1న మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలవారికి అంతర్జాతీయ పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహించే ‘ఇన్‌ఫెడ్’ అనే సమాఖ్య ద్వారా సభ్యసంస్థల పరిశోధకులు ప్రాంగణం వెలుపలి నుండి కూడా తమ సంస్థ ఖాతాతో ప్రవేశించవచ్చు. ఇటువంటి సమాఖ్యలో ప్రచురణకర్త పరిశోధకుడిని స్వయంగా గుర్తించడు. ‘ఈయన మావారే’ అని ఆ సంస్థ గుర్తింపు వ్యవస్థ చెప్పాలి. ఆ మాటకు ఆధారం సాధారణంగా సంస్థలోని డైరెక్టరీ నమోదు. నమోదు తప్పిపోతే పరిశోధకుడికి ద్వారం మూసుకుపోతుంది. సంస్థను వదిలి వెళ్లినవారి నమోదు మిగిలిపోతే తెరవకూడని ద్వారం తెరిచి ఉంటుంది. కనుక డైరెక్టరీ నిర్వహణ పరిశోధనావకాశానికి నేరుగా సంబంధించిన విషయం.

2. డైరెక్టరీ నిర్మాణం

డైరెక్టరీ సేవలకు అంతర్జాతీయ ప్రమాణంగా ‘ఎక్స్.500’ 1988లో వెలువడింది. అది బరువైన వ్యవస్థ కావడంతో దానిని సులభంగా వాడుకోవడానికి మిషిగన్ విశ్వవిద్యాలయంలో ‘ఎల్‌డీఏపీ’ అనే తేలికపాటి సంభాషణ నియమావళిని రూపొందించారు. దాని తొలి ప్రమాణపత్రం 1993లోను, నేటికీ వాడుకలో ఉన్న మూడవ రూపం 1997లోను వచ్చాయి. మూడవ రూపం 2006లో సవరించిన ప్రమాణపత్రాలుగా మళ్లీ వెలువడింది.

డైరెక్టరీలోని నమోదులు వృక్షాకారంలో ఉంటాయి. వేరు నుండి కొమ్మకు, కొమ్మ నుండి రెమ్మకు సాగే దారి మొత్తం ఆ నమోదుకు పేరు అవుతుంది. దీనిని విశిష్టనామం అనవచ్చు. ఉదాహరణకు ఒక అధ్యాపకురాలి నమోదుకు ‘అధ్యాపకురాలి పేరు, కొడకండ్ల, జనగామ, తెలంగాణ’ అన్నది విశిష్టనామం అనుకుందాం. ఉత్తరంపై చిరునామా రాసినట్లే ఇక్కడ కూడా చిన్నదాని నుండి పెద్దదానికి వెళతాం. ఒక విషయం గమనించాలి. ఈ పద్ధతిలో మనిషి పేరులో ఊరి పేరు, ఊరి పేరులో జిల్లా పేరు ఇమిడి ఉన్నాయి. జిల్లా మారితే మనిషి పేరు కూడా మారినట్లే. ఈ వ్యాసంలో చర్చించే ప్రధాన సమస్యకు మూలం ఇక్కడే ఉంది.

వృక్షమంతా ఒకే యంత్రంలో ఉండనక్కరలేదు. ఒక్కొక్క కొమ్మను ఒక్కొక్క సర్వరుకు అప్పగించవచ్చు. తన దగ్గర లేని కొమ్మ గురించి అడిగినప్పుడు సర్వర్ ఆ కొమ్మ ఉన్న సర్వర్ చిరునామాను చూపుతుంది. నిఘంటువులలో ‘చూ.’ అన్న సంక్షేపం చేసే పని ఇదే. దీనిని ‘రెఫరల్’ అంటారు. పాఠకుడిని వేరొక పుటకు పంపకుండా ఆ సర్వరే వెళ్లి సమాధానం తెచ్చి ఇచ్చే పద్ధతి మరొకటి ఉంది. దానికి ‘చైనింగ్’ అని పేరు. మొదటి పద్ధతిలో అడిగేవారి సాఫ్ట్‌వేర్‌కు అన్ని సర్వర్లతోను సంబంధం ఉండాలి. రెండవ పద్ధతిలో మధ్యనున్న సర్వరుపై భారం, బాధ్యత పెరుగుతాయి.

3. నిర్వహణ కన్సోల్: పని, పరిమితులు

ప్రతి సర్వర్ దగ్గరికీ వెళ్లి మార్పులు చేయడం సాధ్యం కాదు కనుక ఒకచోట కూర్చొని అన్నిటినీ చూసే ఉపకరణం అవసరమైంది. అదే నిర్వహణ కన్సోల్. ఈ విషయంలో 1990ల చివర నెట్‌స్కేప్ సంస్థ అనుసరించిన పద్ధతి గమనించదగినది. సంస్థలోని సర్వర్లన్నిటి వివరాలనూ ఆ పద్ధతిలో మరొక డైరెక్టరీలోనే నమోదు చేశారు. అంటే డైరెక్టరీలకు ఒక డైరెక్టరీ. కన్సోల్ తెరవగానే ముందు దానిని సంప్రదించి, ఏ యంత్రంలో ఏ సర్వర్ ఉందో తెలుసుకొని, జాబితాగా చూపేది. ప్రతి యంత్రంలోను ఒక చిన్న నిర్వహణ సర్వర్ ఉండి, సర్వర్‌ను ఆపడం, మొదలుపెట్టడం వంటి స్థానికమైన పనులను కన్సోల్ తరఫున చేసేది. ఆ సాఫ్ట్‌వేర్‌ను 2004లో రెడ్ హ్యాట్ సంస్థ కొనుగోలు చేసి, మరుసటి ఏడాది బహిరంగ మూలసంకేతంగా విడుదల చేసింది. అదే నేటి ‘389 డైరెక్టరీ సర్వర్’. ఎల్‌డీఏపీకి కేటాయించిన పోర్టు సంఖ్య 389 కావడమే ఈ పేరుకు కారణం.

ఇప్పుడు ఆ పాత కన్సోల్ స్థానంలో బ్రౌజర్ ద్వారా పనిచేసే నిర్వహణ పుట, ఆజ్ఞారూపమైన ఉపకరణాలు వచ్చాయి. వాటిలో ‘డీఎస్‌కాన్ఫ్’ అన్నది నెట్‌వర్క్ ద్వారా దూరంలోని సర్వర్‌తో ఎల్‌డీఏపీలోనే మాట్లాడుతుంది. ‘డీఎస్‌సీటీఎల్’ అన్నది సర్వర్ ఉన్న యంత్రంపైనే పనిచేస్తుంది. ఈ విభజన వెనుక ఒక తర్కం ఉంది. సర్వర్ అమరికలు కూడా డైరెక్టరీ నమోదులుగానే ఉంటాయి గనుక, సర్వర్ నడుస్తున్నంతసేపు వాటిని దూరం నుండి మార్చవచ్చు. ఆగిపోయిన సర్వర్ ఎల్‌డీఏపీలో సమాధానం చెప్పలేదు. దానిని లేపడానికి యంత్రంలోకి వేరొక దారిలో ప్రవేశించాలి. అందువల్ల కన్సోల్ ఉన్నదన్న ధీమాతో ఆ రెండవ దారిని ఏర్పాటు చేయకపోవడం ప్రమాదకరం.

ఇతర ఉపకరణాలలో ‘అపాచీ డైరెక్టరీ స్టూడియో’ వేర్వేరు సంస్థల సర్వర్లతో అనుసంధానాలను ఒకే తెరపై ఉంచుకునే వీలు కల్పిస్తుంది. మైక్రోసాఫ్ట్ ‘యాక్టివ్ డైరెక్టరీ’లో నిర్వాహకుడు తన యంత్రం నుండే వేరొక డొమైన్‌ను గాని, వేరొక నియంత్రక సర్వర్‌ను గాని ఎంచుకొని పనిచేయవచ్చు. ఏ ఉపకరణమైనా, ప్రస్తుతం ఏ సర్వర్‌పై పనిచేస్తున్నదీ తెరపై స్పష్టంగా కనిపించేలా ఉంచుకోవడం మొదటి నియమం. వృక్షాలన్నీ ఒకే ఆకారంలో ఉన్నప్పుడు ఒక సర్వరులో చేయవలసిన తొలగింపు మరొక సర్వరులో జరిగిపోవడానికి క్షణం చాలు.

4. కొడకండ్ల నమూనా: కొమ్మ మారిన రెమ్మ

2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. అప్పటి వరంగల్ జిల్లా వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలుగా విడిపోయింది. కొడకండ్ల మండలం జనగామ జిల్లాలోకి వచ్చింది. అంతకుముందు కొడకండ్ల మండలంలో ఉన్న పెద్దవంగర కొత్త మండల కేంద్రమై మహబూబాబాద్ జిల్లాలో చేరింది. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుండి ములుగు వేరుపడింది. 2021లో వరంగల్ అర్బన్ జిల్లాకు హనుమకొండ అని, వరంగల్ రూరల్ జిల్లాకు వరంగల్ అని పేర్లు మారాయి.

డైరెక్టరీ దృష్టితో చూస్తే ఇందులో నాలుగు రకాల మార్పులు ఉన్నాయి. ఒక రెమ్మ కొత్త కొమ్మకు మారడం మొదటిది. ఒకే రెమ్మ చీలి రెండు వేర్వేరు కొమ్మలకు చేరడం రెండవది. ఒక కొమ్మ నుండి మరొక కొమ్మ పుట్టడం మూడవది. ఒక పేరు ఒక వస్తువును వదలి మరొక వస్తువును చేరడం నాలుగవది. ‘వరంగల్ జిల్లా’ అన్న మాటకు 2015లో ఉన్న అర్థం వేరు, 2022లో ఉన్న అర్థం వేరు. శబ్దం ఒకటే అయినా వాచ్యం మారింది.

ఈ మార్పులను సర్వర్లలో ఎలా చేయాలో చూడడానికి ఒక ఊహానమూనాను తీసుకుందాం. ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలల అధ్యాపకుల నమోదుల కోసం వరంగల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలలో ఒక్కొక్క సర్వర్ ఉందని, ఒక్కొక్కటి తన జిల్లా కొమ్మను మాత్రమే మోస్తున్నదని, వీటన్నిటినీ ఒకే కన్సోల్ నుండి నడుపుతున్నారని అనుకుందాం.

ఎల్‌డీఏపీ మూడవ రూపంలో ఒక నమోదును దాని కింది రెమ్మలతో సహా వేరొక కొమ్మకు మార్చే ఆజ్ఞ ఉంది. కాని రెండు కొమ్మలూ వేర్వేరు సర్వర్లలో ఉంటే, ‘ఇది ఒకటికంటే ఎక్కువ సర్వర్లకు సంబంధించిన పని’ అన్న అర్థం గల ఫలితసంకేతంతో సర్వర్ నిరాకరించవచ్చు. కన్సోల్ తెరపై రెండు కొమ్మలూ పక్కపక్కనే కనిపించినంత మాత్రాన అవి ఒకే చోట ఉన్నట్లు కాదు. కొడకండ్ల రెమ్మను వరంగల్ సర్వర్ నుండి జనగామ సర్వరుకు మార్చాలంటే ఈ క్రమం పాటించాలి:

అ) మార్పు పూర్తయ్యేవరకు వరంగల్ సర్వరులో ఆ రెమ్మపై కొత్త రాతలను నిలిపివేయాలి.
ఆ) రెమ్మలోని నమోదులన్నిటినీ ‘ఎల్‌డీఐఎఫ్’ అనే పాఠరూపంలోకి తీసుకోవాలి.
ఇ) పెద్దవంగర మండలానికి చెందిన నమోదులను వేరు చేసి మహబూబాబాద్ సర్వరుకు కేటాయించాలి.
ఈ) కొత్త సర్వర్లలో ముందు తల్లి నమోదును, తర్వాత పిల్ల నమోదులను చేర్చాలి. తల్లి లేనిదే పిల్ల నమోదును సర్వర్ స్వీకరించదు.
ఉ) నమోదుల సంఖ్యను, లక్షణాలను సరిపోల్చిన తర్వాతే పాత సర్వరులో తొలగించాలి. అక్కడ క్రమం తలకిందులవుతుంది. కొసరెమ్మలు ముందు, తల్లి చివర.
ఊ) పాత చోట కొంతకాలం రెఫరల్ ఉంచాలి.

ఇంతటితో పని ముగియదు. డైరెక్టరీలో బృందాలు కూడా ఉంటాయి. ‘గ్రంథాలయ ప్రవేశం ఉన్నవారు’ అన్న బృందంలో సభ్యులను సాధారణంగా వారి విశిష్టనామాలతోనే రాస్తారు. రెమ్మ మారినప్పుడు విశిష్టనామం మారుతుంది. బృందంలో మాత్రం పాత పేరే మిగులుతుంది. ఒకే సర్వర్ లోపలి పేరు మార్పులనైతే సరిదిద్దే ఏర్పాటు కొన్ని సర్వర్లలో ఉంది. సర్వర్ల మధ్య జరిగిన మార్పు దానికి తెలియదు. ఫలితంగా కొడకండ్ల అధ్యాపకురాలు తన ఖాతాలోకి ప్రవేశించగలరు, పత్రికను మాత్రం తెరవలేరు. ఎక్కడా దోషసందేశం రాదు. ‘మీకు అనుమతి లేదు’ అన్న మాట మాత్రమే కనిపిస్తుంది. ఇటువంటి లోపాలు బయటపడడానికి నెలలు పట్టవచ్చు.

5. మారని గుర్తు

పై సమస్యకు పరిష్కారం పేరును, గుర్తింపును వేరు చేయడం. సర్వర్ ప్రతి నమోదుకూ ఒక విశ్వవ్యాప్త ఏకైక సంఖ్యను స్వయంగా ఇస్తుంది. పేరు మారినా, ఆ సర్వరులో చోటు మారినా అది మారదు. అయితే దానిని వినియోగదారులు మార్చకూడదన్న నియమం ఉంది. అందువల్ల ఒక సర్వరులో తొలగించి మరొక సర్వరులో మామూలుగా కొత్తగా చేర్చినప్పుడు ఆ నమోదుకు కొత్త సంఖ్య వస్తుంది. కనుక సర్వర్లు దాటి నిలిచే గుర్తును సంస్థే సొంతంగా కేటాయించి, ఒక లక్షణంగా భద్రపరచాలి.

పరిపాలనా రంగంలో దీనికి చక్కని పోలిక ఉంది. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ ఆధ్వర్యంలోని ‘లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ’ జిల్లాలకు, గ్రామాలకు, స్థానిక సంస్థలకు ప్రత్యేక సంకేతసంఖ్యలను ఇస్తుంది. మార్పులను నమోదు చేసే బాధ్యత రాష్ట్రాలది. ఇది ఎల్‌డీఏపీ సర్వర్ కాదు, పరిపాలనా విభాగాల పట్టిక. కాని సూత్రం ఒకటే: వేర్వేరు శాఖల దస్త్రాలు ఊరి పేరును ఎలా రాసినా, సంఖ్యను బట్టి అది ఒకే ఊరని తేలాలి. నమూనాలోని కొడకండ్ల నమోదుకు ఈ సంఖ్యను లక్షణంగా చేర్చితే, జిల్లా మారినా పాత, కొత్త నమోదులను జతపరచవచ్చు.

వ్యక్తుల నమోదుల విషయంలో మరొక అడుగు వేయవచ్చు. మనుషులను జిల్లా కొమ్మ కింద పెట్టకుండా ‘వ్యక్తులు’ అన్న ఒకే కొమ్మ కింద ఉంచి, జిల్లాను, మండలాన్ని వారి లక్షణాలుగా రాయడం మేలు. అప్పుడు పునర్వ్యవస్థీకరణ జరిగినా మారేది ఒక లక్షణం విలువ మాత్రమే, విశిష్టనామం కదలదు. తరచుగా మారే విషయాన్ని పేరులో చేర్చకూడదన్నది డైరెక్టరీ రూపకల్పనలో ప్రాథమిక సూత్రం.

6. తెలుగు పేర్లు: వెతుకులాటలోని చిక్కులు

ఎల్‌డీఏపీ మూడవ రూపం యూనికోడ్‌ను ‘యూటీఎఫ్-8’ రూపంలో స్వీకరించింది గనుక తెలుగులో నేరుగా నమోదు చేయవచ్చు. ‘కొడకండ్ల’ అన్న పదంలో హల్లులు, గుణింతపు గుర్తు, సున్న, పొల్లు కలిపి 8 యూనికోడ్ సంకేతాలు ఉన్నాయి. ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్ల చొప్పున 24 బైట్లు అవుతాయి. రోమన్ లిపిలో అదే పేరు 10 బైట్లే. లక్షణాల పరిమాణానికి హద్దులు విధించేటప్పుడు నిర్వాహకులు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

ఎల్‌డీఐఎఫ్ పాఠంలో తెలుగు విలువలు యథాతథంగా కాక ‘బేస్64’ అనే సంకేతరూపంలో కనిపిస్తాయి. 24 బైట్ల కొడకండ్ల అక్కడ 32 రోమన్ గుర్తుల వరుస అవుతుంది. మార్పుకు ముందు పాఠాన్ని కంటితో చూసి సరిచూసుకునే నిర్వాహకుడికి తన ఊరి పేరే ఆనవాలు దొరకదు. విప్పి చూపే ఉపకరణం వాడకపోతే పెద్దవంగర నమోదులను వేరు చేసే పని గుడ్డిగా సాగుతుంది.

సరిపోల్చడంలో మరికొన్ని సూక్ష్మాలు ఉన్నాయి. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలలో పొల్లు నిలవడానికి కంటికి కనిపించని విభాజక సంకేతాన్ని టైపు చేస్తారు. ‘హైదరాబాద్’లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగా గాని, ఎత్వం, ఐత్వపు కింది గుర్తు అనే రెండు సంకేతాలుగా గాని రాయవచ్చు. తెరపై ఒకేలా కనిపించే ఈ రూపాలు బైట్లలో వేరు. 2006 ప్రమాణపత్రాలలో ఒకటి, సరిపోల్చే ముందు కనిపించని సంకేతాలను తొలగించి, ఐత్వం వంటివాటిని ఒకే రూపానికి తేవాలని నిర్దేశించింది. అన్ని సర్వర్లూ దీనిని ఒకే తీరున అమలు చేయవు గనుక, కన్సోల్ కింద వేర్వేరు సంస్థల సర్వర్లు ఉన్నప్పుడు ప్రతి సర్వరులోను ఇటువంటి పేర్లతో వెతికి చూడడం అవసరం.

ప్రమాణాలు తీర్చలేనిది భాషాపరమైన భేదం. జనగామ, జనగాం అన్న రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి. వాటిని ఏ సాంకేతిక నియమమూ ఒకటి చేయదు. ఇక్కడ డైరెక్టరీలోని ఒక సౌకర్యం అక్కరకు వస్తుంది. ఒకే విలువకు పరిమితం చేయని లక్షణానికి ఎన్ని విలువలైనా ఉండవచ్చు. విలువకు భాషాసూచికను జతచేసే పద్ధతి 1999లో ప్రమాణమైంది. దానిని అమలుచేసే సర్వర్లలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు రూపాలను ఒకే నమోదులో ఉంచవచ్చు. ఏ రూపాలను చేర్చాలో నిర్ణయించడం భాషావేత్త పని. స్థలనామ పరిశోధకులు ఈ నిర్వహణలో భాగస్వాములు కావలసిన చోటు ఇదే.

7. రెప్లికేషన్, భద్రత

దూరప్రాంతాల మధ్య లైను తెగినా వెతుకులాట ఆగకూడదంటే ప్రతిచోటా వృక్షం ప్రతి ఉండాలి. ప్రతులను సమానంగా ఉంచే పనికి రెప్లికేషన్ అని పేరు. రాతలు ఒకే సర్వరులో జరిగితే పొరపొచ్చాలు తక్కువ. ఆ సర్వర్ అందకపోతే మార్పులు ఆగిపోతాయి. పలుచోట్ల రాయనిస్తే పని ఆగదు గాని విరోధాలు తలెత్తుతాయి. 389 డైరెక్టరీ సర్వరులో ప్రతి మార్పుకూ కాలాన్ని, సర్వర్ సంఖ్యను సూచించే ముద్ర ఉంటుంది. ఒకే లక్షణాన్ని రెండుచోట్ల మార్చినప్పుడు తర్వాతి ముద్ర గల మార్పు నిలుస్తుంది. గడియారాలు సరిగా లేకపోతే నిజానికి ముందు జరిగిన మార్పే గెలవవచ్చు. ఒకే విశిష్టనామంతో రెండుచోట్ల నమోదులు పుడితే వాటిలో ఒకదానికి ప్రత్యేక సంఖ్యను తగిలించి పక్కన పెడుతుంది. వాటిని ఏరి చూడడం నిర్వాహకుడి పని.

తొలగించిన నమోదు వెంటనే మాయం కాదు. తొలగింపు వార్త అన్ని ప్రతులకూ చేరేలా కొంతకాలం ఆనవాలుగా ఉంటుంది. యాక్టివ్ డైరెక్టరీలో ఈ గడువు కొత్త వ్యవస్థలకు సాధారణంగా 180 రోజులు. అంతకంటే ఎక్కువకాలం సంబంధం తెగిన సర్వర్‌ను మళ్లీ కలిపితే, ఎప్పుడో తొలగించిన ఖాతాలు దానిలో సజీవంగా మిగిలి ఉండవచ్చు. అటువంటి సర్వర్‌ను యథాతథంగా చేర్చకుండా కొత్తగా నింపాలి.

అన్ని తాళాలూ ఒకే గుత్తిలో ఉండడం కన్సోల్ బలం; బలహీనత కూడా అదే. కనుక ప్రతి అనుసంధానమూ గుప్తీకరించినదై, సర్వర్ ధ్రువపత్రాన్ని సరిచూసేదై ఉండాలి. 389 వంటి సర్వర్లలో అనుమతి నియమాలు వర్తించని మహానిర్వాహక ఖాతా ఒకటి ఉంటుంది. రోజువారీ పనికి దానిని వాడరాదు. జనగామ నిర్వాహకుడికి జనగామ కొమ్మపై, మహబూబాబాద్ నిర్వాహకుడికి ఆ కొమ్మపై మాత్రమే అధికారం ఇవ్వాలి. అందరూ ఒకే ఖాతాతో ప్రవేశిస్తే చిట్టాలో ఒకే పేరు కనిపిస్తుంది. మార్పు ఎవరు చేశారన్న ప్రశ్నకు సమాధానం ఉండదు.

8. ముగింపు

ఈ పరిశీలన నుండి తేలిన అంశాలు:

1. కన్సోల్ అనేక సర్వర్లను ఒకే తెరపై చూపుతుంది గాని వాటిని ఒకే సర్వర్‌గా మార్చదు. సర్వర్ల హద్దులు దాటే ప్రతి పనికీ క్రమం, సరిచూపు అవసరం.

2. పేరు, స్థానం మారేవి. గుర్తింపును వాటిపై ఆధారపరచకుండా మారని సంకేతంపై నిలపాలి. కొడకండ్ల, పెద్దవంగర, వరంగల్ ఉదాహరణలు దీనినే నిరూపిస్తున్నాయి.

3. పరిపాలనా మార్పుల తర్వాత నమోదులతోపాటు బృందాలను, అనుమతులను కూడా సరిచూడాలి. నష్టం ఎక్కువగా అక్కడే దాగి ఉంటుంది.

4. యూనికోడ్ తెలుగు పేరుకు చోటు ఇచ్చింది. ఆ పేరు వెతికినప్పుడు దొరకాలంటే లిపి సూక్ష్మాలు తెలిసిన నిర్వాహకులు, రూపభేదాలు తెలిసిన భాషావేత్తలు కలిసి పనిచేయాలి.

5. అధికారాన్ని కొమ్మలవారీగా పంచి, ప్రతి మార్పునూ చేసినవారి పేరుతో నమోదు చేయాలి.

జిల్లాల హద్దులు ఒక ఉత్తర్వుతో మారతాయి. ఆ మార్పు వల్ల ఒక మారుమూల మండలంలోని అధ్యాపకురాలికి చదువుకునే అవకాశం ఒక్కరోజు కూడా ఆగకుండా చూడడమే డైరెక్టరీ నిర్వహణకు పరీక్ష.